ఓబులేసు అడిగిన మాట

ఓబులేసని ఒకాయన ఉండేవాడంట. పగటేసాలోళ్ళు వాళ్ళు. పట్టపగలు బజార్లో ఆటాడి, ఊరోళ్ళు పెట్టింది తీసుకుపోయే మనుషులు. గుంపులో అందరూ మొగోళ్ళే, ఆడేసం మటుకు ఓబులేసుది. మీసం గీసి, కొప్పు పెట్టి నిలబడ్డాడంటే ఆడోళ్ళకే కన్ను కుట్టుద్దనుకో. వాళ్ళ ఆటేందంటే, ఒక మొగుడు, మహా పౌరుషం కలోడు. ఎవడో ఏదో చెప్పాడని పెళ్ళాన్ని అనుమానించి కర్రెత్తుతాడు. ఆమె ఏడ్చి కాళ్ళమీద పడుద్ది, ఆయన మీసం మెలేస్తాడు. అంతే, ఈలలే ఈలలు. ఆ మొగుడేసం ఓబులేసు బావ బసవయ్యది.

ఒకేడు ఏమైందంటే, ఆడేసానికి చీర కావాలని ఓబులేసు ఊరిపెద్ద వెంకటప్పారెడ్డి ఇంటికి పోయాడు. రెడ్డి పెళ్ళాం ఆదెమ్మ ఆకుపచ్చ చీర తెచ్చి చేతిలో పెట్టింది, పెట్టి వదల్లా. ఆమె చేతికి గాజుల్లేవు, గాజులుండే చోట కమిలిపోయుంది. పోయినేడు మీ ఆట చూశానయ్యా, అంతమంది మొగోళ్ళు మాట్లాడతారు, ఆడమనిషి ఒక్కటే, అదీ ఏడవటానికే. ఆ ఏడుపు నీకెవరు నేర్పారు, అందంట. మా నాయన నేర్పాడమ్మా, అన్నాడు. "మీ అమ్మనడగలా?" అంది. ఓబులేసు ఆమె కమిలిన చెయ్యి వంక చూశాడు. వాళ్ళమ్మ దెబ్బలు తినగా చూసినోడే గదా. అప్పుడామె చీర వదిలి, "మేం ముందే కాళ్ళమీద పడమయ్యా. నేనేం చేశానో చెప్పి కొట్టు, అంటాం. దానికి జవాబుండదు. ఆ మాటే మీ ఆటలో లేదు" అని లోపలికి పోయింది.

సరే, బజారంతా జనం. ముందర మంచం మీద రెడ్డి, పక్కన వాళ్ళమ్మ పుల్లమ్మ. ఆడోళ్ళంతా గోడవారన. బసవయ్య కర్రెత్తాడు. ఓబులేసు కాళ్ళమీద పడలా. పడు, పడు అని బసవయ్య పళ్ళ సందున గొణుగుతున్నాడు. ఓబులేసు అట్టనే నిలబడి, "నేనేం చేశానో చెప్పి కొట్టండి" అన్నాడు. బసవయ్యకేం తెలుసు, ఆటలో లేని మాటాయె. జనం నవ్వారు. ఆ నవ్వుకి రోషమొచ్చి నిజంగానే కొట్టాడంట, భుజం వాచేట్టు. ఎవడో, చీర తీసేసి నువ్వూ మొగాడివనిపించుకోరా, అని కేకేశాడు. ఓబులేసు పిడికిలి బిగుసుకుంది. తిరిగి కొడితే బావ లేవలేడు. కానీ కొడితే తనేసం కట్టిన ఆ ఆడమనిషి ఏమైపోద్ది? పైట సర్దుకుని మళ్ళీ అదే మాట అడిగాడు, నెమ్మదిగా.

అప్పుడు రెడ్డి లేచాడు. చీర గుర్తుపట్టాడు. ఆ మాటా గుర్తుపట్టాడు, ఇంట్లో విన్నదే గదా. మొహం కందగడ్డయింది. గోడవారన ఆదెమ్మ వైపు తిరిగాడు. అయ్యో, నేను పోతే పోయాను, ఆ తల్లిని పట్టిచ్చానే అనుకున్నాడంట ఓబులేసు. ఎవరూ కదల్లా. రెడ్డి ఒకడుగేశాడో లేదో, పుల్లమ్మ కొడుకు పంచె చెంగు పట్టుకుంది. "ఆటాయనకి మాట రాలా. నువ్వు చెప్పు నాయనా. ఆదెమ్మ ఏం చేసిందో చెప్పి పో. నేను మీ నాయన్ని అడగలేకపోయా" అంది. ఊరంతా రెడ్డి నోటి వంకే చూస్తుంది. ఆయన చెంగు విదిలించుకుని చేను దోవన పోయాడు.

ఆ ఊళ్ళో ఆటోళ్ళకి గింజ పుట్టలా. బసవయ్య ఓబులేసుతో మాట్లాడ్డం మానేశాడు. అయినా తర్వాత ఏ ఊరు పోయినా, అడిగే ఆటాడండయ్యా అని ఆడోళ్ళే కబురు పెట్టేవోళ్ళంట. మరి రెడ్డి మారాడా అంటారు మీరు. నేనెందుకు అబద్ధం చెప్పాలి, మారలా. కాకపోతే చెయ్యెత్తినప్పుడల్లా ఆ ప్రశ్న అడ్డమొచ్చి ఒక్క క్షణం ఆగేవాడంట. ఆ కాస్త ఆగేలోపల ఆదెమ్మ అత్త గదిలోకి పోయి గడేసుకునేది.