నాలుగు మూరల అవతల

పాత ఆసుపత్రి చింతచెట్టు కింద కాయ రాలిపడి ఉందని, రేపు గోతాలు తీసుకుని పోదామని అనుకుంటున్నారంట గదా, నా చెవిన పడింది. ఎవరన్నారో నేనడగను, అడిగితే నలుగురూ పక్కవాళ్ళ వంక చూపిస్తారు. కూర్చోండి ముందు. కరెంటు ఎట్టాగూ పోయింది, వచ్చిందాకా ఆ టీవీ ముందు మీకు పని లేదు. ఊరికి అరమైలు కూడా లేని చెట్టు, కండగల కాయ, ఇన్నేళ్ళలో ఒక్కరన్నా ఎందుకు ఏరుకోలేదని మీకు అనుమానం రాలేదా? మీ అమ్మలు చింతపండు సంతలో కొంటున్నారు గదే, వాళ్ళేమన్నా పిచ్చోళ్ళా?

మీకు తెలిసేనాటికి ఆడ మొండిగోడలే మిగిలినయ్. అది పెద్దరోగం, అదే కుష్టు, వచ్చినోళ్ళ ఆసుపత్రి, ఎవరో దొరసానమ్మ కట్టించింది. నేను కాపురానికొచ్చిన రెండో ఏడు ఆడ వంటకి చేరా, ముప్పై ఏళ్ళు గంజి కాచా, నా చేతులకి ఏమన్నా అయిందా, చూడండి, పదీ ఉన్నయ్. అయినా మీ తాత వైపు చుట్టాలు మా ఇంట మంచినీళ్ళు తాగేవాళ్ళు కాదు, అదట్టా ఉంచండి. మూతపడ్డాక తాళాలు నా చేతిలో పెట్టి పోయారు, తాళాలతో పాటు ఒక పుస్తకం కూడా ఇచ్చారు. సమాధుల పుస్తకం. చింతచెట్టు వెనక వరసలుగా పూడ్చారు గదా, ఎవరు ఏ రాయి కింద ఉన్నారో అందులో రాసుంటది. రాయి నంబరు, పేరు, వయసు, పోయిన తేదీ, ఊరు, సొంతవాళ్ళు.

ఊరు అన్న గడిలో ఎవరిది చూసినా ఒకటే మాట, చెప్పలేదు అని. ఎట్టా చెప్తారు? ఆ ఊళ్ళో చెల్లెళ్ళున్నారు, వాళ్ళకి పెళ్ళిళ్ళు కావాలి. పేరన్నా సొంతదా అంటే అదీ కాదు. ఇంట్లోవాళ్ళు బండిలో తెచ్చి దింపి, ఈ పేరు రాయబాకండమ్మా అని దొరసానమ్మ కాళ్ళ మీద పడేవాళ్ళంట, ఆమె బైబిల్లోంచి ఒక పేరు తీసి పెట్టేది. ఇంక సొంతవాళ్ళు అన్న గడి చూడాలి మీరు, పైనుంచి కిందదాకా లేరు, లేరు, లేరు. నాకొచ్చిన చదువు ఆదివారపు బళ్ళో చెప్పినంతే గానీ, ఆ ఒక్క మాట మాత్రం చూడకుండా రాయగలను.

సరే, ఇరవయ్యేళ్ళ కిందట, మే నెలలో, ఎండ పేలిపోతా ఉంటే ఒక మనిషి వచ్చింది. సుందరి అని, జ్ఞానసుందరి అసలు పేరు, టౌన్లో అంగన్‌వాడీ టీచరంట, నలభై ఏళ్ళుంటయ్. చెప్పులు తెగి, ఒకటి చేత్తో పట్టుకుని వచ్చింది. మంచినీళ్ళిస్తే చెంబెత్తి గడగడా తాగి, అప్పుడు ఏడుపు మొదలుపెట్టింది. ఏందమ్మా అంటే, మా అమ్మమ్మ సమాధి కోసం తిరుగుతున్నా పెద్దమ్మా, ఎనిమిది రోజుల నుంచి మూడు ఆసుపత్రులు తిరిగా, ఇది నాలుగోది, ఇక్కడా లేకపోతే నాకు ఇంకో చోటు తెలీదు అంది.

వాళ్ళమ్మ కరుణమ్మ. ఆ కరుణమ్మకి అయిదేళ్ళప్పుడు తల్లి కనపడకుండా పోయింది. అమ్మేది అని పిల్ల అడిగితే, మీ అమ్మ ఎవడితోనో లేచిపోయింది అని పిన్నమ్మలు చెప్పి పెంచారంట. ఆలోచించండి, రోగమొచ్చిందని చెప్పడం కంటే లేచిపోయిందని చెప్పడమే వాళ్ళకి నయమనిపించింది. ఆ పిల్ల అది నమ్మింది. పెరిగి పెద్దదై, పెళ్ళయి, బిడ్డల్ని కని, అరవయ్యేళ్ళు వచ్చిందాకా కన్నతల్లిని తిడతానే ఉంది, పేరెత్తితే ఉమ్మేసేదంట. చివరికి ఆ పిన్నమ్మల్లో మిగిలిన ఒకామె మంచాన పడి, చచ్చేముందు నిజం కక్కింది. మీ అమ్మ ఎక్కడికీ పోలేదే, వేళ్ళు మొద్దుబారినయ్, మేమే తీసుకెళ్ళి దింపొచ్చాం, ఏ ఆసుపత్రో మగాళ్ళకే తెలుసు, వాళ్ళు పోయారు అని.

అది విన్నప్పటికే కరుణమ్మకి లోపలంతా పాడైపోయింది, డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె ముద్ద మింగడం మానేసి, ఒకటే మాట పట్టుకుంది. బతికినన్నాళ్ళూ మా అమ్మని తిట్టాను, చచ్చాకన్నా ఆమె పక్కన పడుకోబెట్టండి, ఆమెకి నేను చెప్పుకోవాల్సింది ఉంది అని. కూతురు ఏం చేసుద్ది? పరిగెత్తింది.

నేను పుస్తకం తీశా. వాళ్ళ అమ్మమ్మ పేరు పున్నమ్మంట, ఆ పేరు వెతికాం. ఎట్టా దొరుకుద్ది, నేను చెప్పాగా పేర్ల సంగతి. చేరినప్పటి పుస్తకం ఒకటుండేది, అందులో అసలు పేర్లుండేవంట, దాన్ని చెదలు తినేసి మట్టి మిగిల్చినయ్. అయినా సుందరి వినదే, రాళ్ళ మీద ఏమన్నా ఉంటదేమోనని మిట్టమధ్యాహ్నం వరసల్లోకి పోయింది, వెనకాల నేనూ పోయా. ఒక్కో రాయినీ చేత్తో తుడిచి చూసింది. మూడో వరసలో ఒక చోట తుమ్మకంప ఆ పిల్ల చీర కొంగు పట్టుకుంది. విడిపించుకుంది, రెండడుగులు వేసేసరికి మళ్ళీ పట్టుకుంది. మూడోసారి విసుగొచ్చి పర్రున లాక్కుంది, అరచెయ్యంత గుడ్డ కంపకే ఉండిపోయింది. నేను చూశా. చూసి కూడా, ఈ కంప కొట్టించాలి అనుకున్నానే గానీ ఇంకో ఆలోచన వచ్చిందా నాకు? రాలేదు.

వరండాలోకొచ్చి కూలబడింది. ఇంటికిపోయి లేదమ్మా అని చెప్పలేను పెద్దమ్మా, ఆ మాట చెప్తే ఆమె కళ్ళు మూసుకోలేదు, అట్టా చూస్తా చూస్తా పోతది అంది. కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరూ రాని సమాధి ఏదన్నా ఒకటి చూపించు, అదే మా అమ్మమ్మదని రాసుకుంటా అంది.

నేను తిట్టా. నిజంగానే తిట్టా, చచ్చినోళ్ళతో ఆటలా అన్నా. ఆ పిల్ల నా కాళ్ళు పట్టుకుంది. ఇంకో చిక్కు కూడా ఉంది మరి. ఆ సమాధుల తోట మూసేశారు, సొంత మనిషి అందులో ఉందని పుస్తకంలో ఉంటేనే పక్కన చోటిస్తామని సంఘం పెద్దలు కట్టుబాటు పెట్టారు. పాస్టరు గారు పుస్తకం చూసి గానీ గొయ్యి తియ్యనివ్వరు. అంటే రాయాల్సిందే. ఏం చెయ్యమంటారు నన్ను? మీరయితే ఏం చేసేవాళ్ళు? చెప్పండి, ఊరికే కళ్ళప్పగించి చూడబాకండి.

పుస్తకం తిప్పాం. సరిగ్గా ఆ ఏళ్ళ నాటివి, ఆ వయసువి, ఒకదాని కింద ఒకటి రెండు పేర్లున్నయ్. ఒకే వానాకాలంలో పోయారు ఇద్దరూ. మీద మార్తమ్మ, కింద ఎస్తేరమ్మ. సుందరి వేలు మార్తమ్మ మీద పెట్టింది. నేను వద్దన్నా. ఎందుకంటే మార్తమ్మకి సొంతవాళ్ళ గడిలో ఉన్నారు అని రాసుంది, రేపెవరన్నా వచ్చి ఇది మా మనిషిదని అడిగితే గొడవ గదా. ఎస్తేరమ్మకి లేరు. అడిగేవాళ్ళుండరు. ఆ పిల్ల వేలు పట్టుకుని ఒక గీత కిందకి జరిపింది నేనే. ఈ చెయ్యే. లేరు అన్న మాట కొట్టేసి, కూతురు కరుణమ్మ, మనవరాలు జ్ఞానసుందరి అని ఆ పిల్ల రాసింది.

ఇంటికిపోయి, దొరికిందమ్మా అని చెప్పిందంట. కరుణమ్మ లేచి కూర్చుందంట. నాకోసం ఏమన్నా రాయించిందా ఆ పుస్తకంలో అని అడిగిందంట. ఒక అబద్ధం ఆడాక రెండోది ఎంతసేపు, రాయించిందమ్మా, నా బిడ్డ వస్తది అని రాయించింది అని చెప్పింది సుందరి. ఆ తల్లి పెరుగన్నం నాలుగు ముద్దలు తినింది. తింటా, నన్ను గువ్వా అని పిలిచేదే మా అమ్మ, చిన్న గువ్వా అనేది, ఇంకెవరూ అట్టా పిలవలేదు అని చెప్పి నవ్విందంట. మూడో రోజు పోయింది.

పెట్టె వ్యానులో తెచ్చారు. మహా అయితే పదిహేను మంది. పాస్టరు గారు పుస్తకం చూశారు, తలూపారు, ఆ మూడో వరసలోనే, ఎస్తేరమ్మ పక్కన గొయ్యి తీయించారు. పాట పాడారు, ప్రార్థన అయింది, మట్టి వేశారు. అంతా అయ్యేసరికి నడినెత్తిన పొద్దుంది. అందరూ పోయారు, సుందరి కూడా తల వంచుకుని పోయి వ్యానెక్కింది. గేటు తాళం వెయ్యాలి గదా, నేను ఆగిపోయా.

తాళం చేతిలో పట్టుకుని ఉండగా, ఎవరో ఆడమనిషి గొంతు వినపడింది. అటు కాదే, అటు కాదే అంటా ఉంది. వెనకబడ్డ చుట్టాలెవరో అనుకుని తిరిగి చూశా. మూడో వరసలో, ఆ తుమ్మకంప దగ్గర, ఒకామె మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కాళ్ళు వెనక్కి తిరిగున్నయ్యా అని అడగబాకండి, నేను చూసింది చేతులు. వేళ్ళు లేవు. ఆ మొండిచేతులతో కొత్త సమాధి మట్టి తోడుతా ఉంది. వేళ్ళు లేని చేతికి మట్టి లేస్తదా? తోడుద్ది, జారిపోద్ది, మళ్ళీ తోడుద్ది. మణికట్టుకి ఒక చీరముక్క చుట్టుకుని ఉంది, అది ఎవరిదో నాకు తెలుసు. తోడుతా తోడుతా, గువ్వా, ఇటు రావే, అమ్మని నేను గదే, ఎవరి పక్కనో పడుకున్నావేందే చిన్న గువ్వా అంటా ఉంది.

నేనెట్టా ఇల్లు చేరానో నాకు తెలీదు. చేరి, పుస్తకం తీసి, ఆ తుమ్మకంప కింద రాయి నంబరు ఎవరిదో చూశా. మార్తమ్మ. ఇన్ని వందల మంది లేరు, లేరు అని రాయించుకుని పోయినచోట, ఆమె ఒక్కతే పట్టుబట్టి ఉన్నారు అని రాయించింది. నాకు బిడ్డుంది, వస్తది అని ఎంత నమ్మకంగా చెప్పి ఉంటదో మీరే అనుకోండి. ఉన్నారని రాసుందనే గదా మేం ఆమెని వదిలేసింది. నేను ఆ రోజు ఏడ్చిన ఏడుపు మీ తాత పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఈ సంగతి సుందరికి చెప్పకూడదనుకున్నా. చెప్తే ఏం జరుగుద్ది? అబద్ధం రాశారని బయటపడుద్ది, పెద్దలు శవాన్ని పైకి తీయించి పంపేస్తారు, అప్పుడు ఆ తల్లికి ఎవరి పక్కనా చోటుండదు. ఏటా సమాధుల పండక్కి ఆ పిల్ల వచ్చేది, రెండు సమాధులకీ సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పోయేది. నేను పక్కన నిలబడి నోరు కుట్టుకునేదాన్ని. పదేళ్ళు మోశా. పదకొండో ఏడు ఇంక నావల్ల గాక, అమ్మాయ్, నీకొక మాట చెప్పాలి అన్నా. ఆ పిల్ల సున్నం కుంచె కింద పెట్టి, నా మొహం చూసి, నాకు తెలుసు పెద్దమ్మా అంది.

ఎట్టా తెలుసు అన్నా. మట్టి సగం పడేసరికి నాకు వినపడింది, గువ్వా అని పిలవడం, పాట పాడేవాళ్ళెవరికీ వినపడలేదు, నాకే వినపడింది అంది. ఆపమని చెప్పడానికి నోరు తెరిచాను, పాస్టరు గారు నా వంక చూశారు, ఆపమంటే ఎందుకని అడుగుతారు గదా, పుస్తకం గుర్తొచ్చింది, నోరు మూసుకుని నేనూ ఒక గుప్పెడు మట్టి వేశాను అంది. ఇంతే చెప్పి కుంచె తీసుకుని మళ్ళీ సున్నం కొట్టుకుంది. ఆ తర్వాత ఆ పిల్ల రావడం మానేసింది. ఉందో పోయిందో కూడా తెలీదు నాకు.

అది ఆ చింతచెట్టు సంగతి. ఇంక లేవండి, మీ అమ్మలు అన్నాలకి పిలుస్తున్నారు. కాయ దండిగా ఉంది, కాదనను. కానీ మిట్టమధ్యాహ్నం ఆడ వొంగి ఏరుకుంటా ఉంటే ఆమె మీ దగ్గరికి వస్తది. పట్టుకోదు, పీక్కుతినదు, మిమ్మల్నేమీ చెయ్యదు. అమ్మా, మా పిల్లని కాస్త ఇటు జరిపి పెట్టండమ్మా, నాలుగు మూరలే గదా, నాకు వేళ్ళు లేవు అని బతిమాలుకుంటది. నన్ను ఇప్పటికి మూడుసార్లు అడిగింది. జరిపి రాగలిగినోళ్ళు మీలో ఎవరన్నా ఉంటే రేపు గోతాం తీసుకుని పోండి. లేకపోతే పోబాకండి.