అకస్మాత్తుగా కాదు

అయ్యలారా, అమ్మలారా, జ్యోత్స్నతో చదువుకున్న పిల్లలారా! నేను దాని జేజిని, సువార్తమ్మను. హాలు నిండా వచ్చారు, సంతోషం. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మా వాళ్లకు నిలబడే చోటు కూడా చాలడం లేదు. పోయిన వేసవిలో నంద్యాలలోని ఈ హాల్లోనే నా మనవరాలు వాన మబ్బుల గురించి మాట్లాడింది. ఆ రోజు ఎక్కువగా విన్నవి ఖాళీ కుర్చీలే.

నా వెనక ఫ్లెక్సీ చూడండి. ‘అకస్మాత్తుగా మరణించిన జ్యోత్స్నకు అశ్రునివాళి’ అట. అకస్మాత్తుగానా? పిల్లలకు తెలుగు చెప్పి ముసలిదాన్నయ్యాను. తప్పు మాట కనబడితే కొట్టెయ్యకుండా ఉండలేను.

దాని చిన్నప్పుడు మేం మిద్దె మీద వడియాలు పెడుతుంటే, అది నల్లమల వైపు చూసి, “జేజీ, ఎత్తేయ్. ఆ మబ్బు ఒంటిది కాదు, దాని ఎనక సంసారముంది” అనేది. మా ఆయన నవ్వేవాడు. తడిసిన వడియాలన్నీ ఆయన కంచంలోకే పోయేవి.

పెద్దయ్యాక అదే పని ఉపగ్రహ చిత్రాలతో చేసింది. నగరాలను ముంచిన మబ్బులు ఎక్కడ పుట్టాయి? ఎంత ఎత్తు పెరిగాయి? ఎందుకు కదలలేదు? నాకర్థమయ్యేట్టు చెప్పమంటే, “మహానంది తిరునాళ్ల బండ్లు జేజీ. ఒకటి కదలగానే ఎనకది అదే జాగాలోకొస్తాది. కిందున్నోళ్లకు ఒకే మబ్బు నిలబడినట్టుంటాది. పైనుంచి చూస్తే వరసంతా కనపడతాది” అంది. వరస కనబడితే ఊరికి గంటల ముందే చెప్పొచ్చు. అదీ దాని చదువు.

పోయిన వేసవిలో అది మాట్లాడిన రోజు ఇదే వేదిక మీద ఒక పెద్దమనిషి, “అయితే మబ్బుకు నోటీసు ఇయ్యాలంటావా పాపా?” అని నవ్వాడు. మా పిల్ల నవ్వలేదు. “మబ్బుకొద్దు సార్. కాలవ మింద కట్టుకున్నోళ్లకు ఇయ్యండి” అంది. ఆయన పేరు చెప్పను. ఈ ఫొటోకు వేసిన దండల్లో పెద్దది ఆయనదే.

మొన్న ఆ మబ్బుల వరస మన నంద్యాల మీదికే రావడం చూసింది. అధికారులందరికీ ఫోన్లు చేసింది. ఎత్తినవాళ్లు ‘చూస్తాం’ అన్నారు. తానే పల్లపు వీధికి పోయి, తలుపు తలుపూ కొట్టి, జనాన్ని మిద్దెలెక్కించింది. తిరిగొస్తూ, నీళ్ల కింద మూతలేని కాలవలో పడిపోయింది. ఆకాశం చూసే పిల్ల దారి చూసుకోలేదని కొందరంటున్నారు. ఏమప్పా, దారి ఉంటే కదా చూసుకునేది?

ఆ వాన అకస్మాత్తుగా రాలేదు. నా పిల్ల అకస్మాత్తుగా పోలేదు. రేపు ఎవరి నివేదికలోనైనా ఆ మాట కనబడితే, ఎర్ర సిరా పట్టుకుని నేనే వస్తాను. నొప్పులు మోకాళ్లకే, నోటికి లేవు.

ఇక లేవండి. పెద్ద దండ తెచ్చిన అయ్యా, మీరు కూడా. రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. తలలు మాత్రం వంచకండి. ఎవరైనా ఆ కిటికీలు తెరవండి. మబ్బు పట్టింది.

పైకి చూడండి. దాని వెనక ఇంకేముందో చూడండి.