మన గదిలో చెదురే లేదట!

ఆహా, ఏం తెలివండీ మీది! నాలుగు గోడలున్న గదిలో చెదురే లేదట! పైగా రేపు సభలో నిలబడి గొప్పగా చెప్పుకుంటారట!

మాట్లాడకండి. మీరు ల్యాబ్‌కి పెద్ద, నాకు మొగుడు. రెండు గౌరవాలూ ఇన్నేళ్ళు మోశాను, ఈ పూట కాస్త దించుకోనివ్వండి. ఆ తలుపేసి ఇలా రండి.

ఇదిగో, ఇక్కడ రేడియేషన్ వదిలే సోర్స్. అదిగో, స్టాండు మీద డోసిమీటరు. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే పిల్లలు జేబుకి తగిలించుకుంటారే, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పే మీటరు, అదే. దాన్ని సరిచేసి పంపడం మన పని. సోర్స్ నుంచి తిన్నగా వచ్చేదొక్కటే కాదు, గోడకీ నేలకీ కొట్టుకుని చెదిరొచ్చేది కూడా దానికి తగులుతుంది. ఆ చెదురెంతో తెలియాలంటే మధ్యలో సీసం దిమ్మ అడ్డం పెడతాం. తిన్నగా వచ్చేది ఆగిపోతుంది, చుట్టూ తిరిగొచ్చేది మిగులుతుంది. ఇది మీకు నేను చెప్పాలా? చెప్పాలి, నా ఖర్మ!

ఎక్కడ పెట్టారండీ దిమ్మ? మధ్యలోనా? మీరు గీసిన సుద్దగీత ఇంకా నేల మీదే ఉంది, చూసుకోండి. తీసుకెళ్ళి మీటరు ముక్కుకి ఆనించారు! ఇక చెదిరొచ్చేది మాత్రం ఎక్కణ్ణుంచి దూరుతుంది? మీటరు దాదాపు సున్నా చూపించింది. మీరేమో మన గదంత శుభ్రమైనది ఎక్కడా లేదని ఎగిరి గంతేశారు.

దిమ్మ తీసేశాక మీటర్లు మీ లెక్క కన్నా ఎక్కువ చూపించాయి. చెదురు కూడా తగులుతుంటే చూపించవూ మరి! అప్పుడైనా అనుమానం రావద్దూ? ఆడలేక మద్దెల ఓడని, తప్పు మీటర్లదేనని అన్నిటి లెక్కా కిందకి దించేశారు. నేను సెలవులో ఉన్నాను, ఇక అడ్డు చెప్పేదెవరు?

ఇప్పుడవి పది తగిలితే ఎనిమిదే అంటున్నాయి. ఆ పిల్లలు అదే నమ్ముకుని పని చేస్తున్నారు. వాళ్ళలో మన కోడలూ ఉంది. "మావయ్యగారు సరిచేసిన మీటరు, ఇంక నాకు భయమేంటత్తయ్యా" అంది నిన్న.

ఏంటీ? సభ అయ్యాక చూద్దామా? నెమ్మదిగా కమిటీ వేద్దామా? ఛీ! ఎవరి ఒళ్ళు ఏమైపోతేనేం, మీకు చప్పట్లు కావాలి!

కంగారుపడకండి, మీ సంతకం కోసం రాలేదు. పొద్దున్నే ఆస్పత్రికి ఫోన్ చేసి ఆ మీటర్లన్నీ తీసేయమన్నాను. తప్పెవరిదని అడిగారు. నాదే అన్నాను.

అబ్బో, ముఖం ఎంత వెలిగిపోయిందో! మీ మీద ప్రేమతో అనుకునేరు. పెద్దాయన తప్పంటే ఆయన నోటితోనే చెప్పించమంటారు. మీరు నోరు విప్పేదెప్పుడు, ఆ పిల్లల ఒంటి మీంచి అవి దిగేదెప్పుడు? నాదనగానే అరగంటలో తీసేశారు.

రేపట్నించి నన్నీ గదిలోకి రానివ్వరేమో. పోనీండి. సాయంత్రం కోడలు వచ్చి అడుగుతుంది, అంత తప్పెలా చేశావత్తయ్యా అని. మీరు పక్కనే కూర్చుని కాఫీ తాగుతుంటారు. నాకు తెలుసండీ, అప్పుడు కూడా మీరు నోరు విప్పరు.