తలుపు మెల్లగా వేసే ఇల్లు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, మన ప్రత్యేక దళాల ప్రణాళికా విభాగంలో ప్రమాద అంచనా అధికారిగా బాధ్యతలు స్వీకరించిన నాటికి, నేడు మనమందరం సగౌరవంగా వీడ్కోలు పలుకుతున్న అమ్మమ్మగారి వయసు ఇరవై అయిదేళ్ళు. అప్పటికింకా ఆవిడను ఎవరూ అమ్మమ్మ అనేవారు కారు. మిలిటెంట్ నాయకులను ప్రాణాలతో పట్టి తేవడానికి దళం బయలుదేరే ముందు, ఆ దాడిలో ఏమేమి బెడిసికొట్టవచ్చునో ఊహించి కాగితం మీద పెట్టడం ఆవిడ ఉద్యోగం. శుభమా అని బయలుదేరే వాళ్ళకు అపశకునం పలకడానికి కూడా జీతమిస్తారా అని తొలినాళ్ళలో దళంవాళ్ళు వేళాకోళం చేసేవారట. ఆవిడ నవ్వి ఊరుకునేవారట గానీ, కాగితంలో ఒక్క మాట కొట్టేసేవారు కారట.

ఉద్యోగంలో చేరిన ఆరో ఏట ఆ కాగితమే తప్పింది. ఒక నాయకుడు తలదాచుకున్న ఇంట్లో అయిదుగురున్నారని ఆవిడ సంతకం చేసి ఇచ్చారు. వెనక గదిలో ఆరో మనిషి ఉంది. ఎన్నడూ గడప దాటని ముసలావిడ, అలికిడికి లేచి గోడ పట్టుకుని నడవాలోకి వచ్చింది. దళం తడబడింది, నాయకుడు పెరటి గోడ దూకి పారిపోయాడు, కాల్పుల్లో మనవాళ్ళిద్దరు గాయపడ్డారు, ముసలావిడ ప్రాణం పోయింది. విచారణలో ఎవరూ ఈవిడను తప్పు పట్టలేదు. తనను తాను మాత్రం ఆవిడ క్షమించుకోలేకపోయారు. వారం పాటు ముద్ద దిగలేదని ఆవిడ భర్త, లెక్కల మాస్టారు, మొన్ననే ఈ వ్యాసకర్తకు చెప్పారు.

ఎనిమిదో రోజున చాప ఒకటి చంకన పెట్టుకుని ఆఫీసుకు వచ్చారు. దళం అభ్యాసం చేసే హాల్లో, నేల మీద సుద్దతో గీసిన ఇంటి పటం మధ్య దాన్ని పరిచి, తల దగ్గర నీళ్ళ గ్లాసు పెట్టుకుని పడుకున్నారు. "ఈ ఇంటి అమ్మమ్మను నేనే. నేనున్నట్టు మీకు తెలీదు. ఇక కానివ్వండి," అన్నారట. ఆనాటి నుంచి నేటి వరకు ఆ చాప లేకుండా ఒక్క అభ్యాసమూ జరగలేదు. ఎక్కడ పడుకునేదీ ముందుగా చెప్పరు. చీకట్లో చూపునిచ్చే గాగుల్సు పెట్టుకుని పరిగెత్తుతూ గ్లాసు తన్నినవాడు ఆ పూట అందరికీ టీ కాచి పోయాలి. ఈ వ్యాసకర్త కాచినన్ని టీలు హోటలువాళ్ళు కూడా కాచి ఉండరు. పడుకున్నావిడ ఊరికే ఉంటారా, గురక కూడా పెట్టేవారు. అది నటనో నిజమో అడిగే ధైర్యం పెద్ద అధికారులకు కూడా లేకపోయింది.

ఇక పన్నెండేళ్ళ కిందటి సంగతి. మూడేళ్ళుగా చిక్కకుండా తిరుగుతున్న ఒక నాయకుడు ఒక వీధి చివరి ఇంట్లో ఉన్నాడని తెలిసింది. మర్నాటి మధ్యాహ్నం, వీధి సద్దుమణిగిన వేళ, పేలుడు మందుతో తలుపు ఎగరగొట్టి లోపలికి దూకాలని పథకం. మొదట దూకవలసినవాడు ఈ వ్యాసకర్త. ఎదురు మేడ మీది నుంచి తీసిన వీడియోను అమ్మమ్మగారు భోజనం మాని నాలుగుసార్లు చూసి, తిన్నగా కమాండరుగారి గదికి వెళ్ళారు.

"సార్, ఈ ఇంట్లో తలుపు ఎవరూ దబాలున వెయ్యడం లేదు. ఆ నాయకుడు కూడా రెండు చేతులతో పట్టుకుని మెల్లగా వేస్తున్నాడు."

"అయితే ఏమిటమ్మా?"

"మా అత్తగారు పడుకున్నప్పుడు మా ఇంట్లోనూ ఇలాగే వేస్తాం. తలుపు వెనకాలే ఎవరో పడుకుంటున్నారు సార్."

కమాండరుగారికి చిర్రెత్తుకొచ్చింది. మీ అత్తగారి నిద్రను చూసి దాడి ఆపమంటారా, ఒక్క రోజు ఆలస్యమైతే వాడు ఉడాయించడా అని కేకలేశారు. ఆవిడ వెనక్కి తగ్గలేదు. మందు వద్దు, తాళాలు తీసే మనిషిని పిలిపించండి, ఒక్క రోజు గడువివ్వండి, వాడు తప్పించుకుంటే పూచీ నాదని రాసి సంతకం పెట్టారు. చప్పుడు లేకుండా తాళం తీయాలంటే తలుపు ముందు నిమిషం సేపు నిలబడాలి. లోపలివాడు మెలకువగా ఉంటే మొదటి తూటా ఈ వ్యాసకర్తకే. ఆ మాట అతను ఆవిడ మొహం మీదే అనేశాడు.

ఆవిడ కళ్ళు చెమర్చాయి. "తెలుసు తమ్ముడూ. ముందు నిలబడేది నువ్వేనని తెలిసే సంతకం పెట్టాను," అన్నారు.

అతను వెళ్ళి చాప తెచ్చి పరిచాడు. ఆ గడువులో పదకొండుసార్లు అభ్యాసం చేశారు, అతను రెండుసార్లు టీ కాచాడు.

మూడో రోజు మధ్యాహ్నం తాళం విడింది. తలుపు వారనే చాప, దాని మీద ఎనభై ఏళ్ళ ముసలావిడ, తల దగ్గర నీళ్ళ గ్లాసు. ఈ వ్యాసకర్త కాలు దానంతటదే ఎత్తుగా లేచి దాటింది. గ్లాసు కదలలేదు. వెనకున్న ఏడుగురూ అలాగే దాటారు. ముసలావిడ కళ్ళు తెరవకుండానే, "తలుపు మెల్లగా వెయ్యి నాయనా," అంది. వేశాడు. వెనక గదిలో ఆవిడ కొడుకు, మూడేళ్ళుగా వెతుకుతున్న ఆ నాయకుడు, నిద్రలోనే దొరికిపోయాడు. ఒక్క తూటా పేలలేదు. ఆఫీసుకు తిరిగొచ్చి "గ్లాసు కదల్లేదక్కా" అని చెబితే, అమ్మమ్మగారు కుర్చీలో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చారు. ఆ పూట టీ ఆవిడే కాచారు, పంచదార వేయడం మరిచిపోయారు. ఎవరూ వంక పెట్టలేదు.

అటుపిమ్మట విభాగాధిపతిగా పదోన్నతి పొంది, ఎందరో యువ అధికారులను తీర్చిదిద్ది, వారి చేత కూడా "మనకు తెలియని మనిషి ఒకరున్నారు" అన్న మొదటి వాక్యంతోనే ప్రతి నివేదికనూ రాయించారు. చాప మీరే ఇంటికి పట్టుకెళ్ళండంటే ఒప్పుకోలేదు, తన స్థానంలోకి వస్తున్న అమ్మాయికి స్వయంగా అప్పగించారు. ఆ అమ్మాయికి గురక ఇంకా పట్టుబడలేదు. సాధన చేస్తోంది.

ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో దాదాపు ముప్పై ఏళ్ళు ఇతరుల ఇళ్ళల్లోని అమ్మమ్మల కోసం చాప మీద పడుకున్న ఈ మహనీయురాలు, ఇకపై తన సొంత మనవరాలికి తనివితీరా అమ్మమ్మగా, మాస్టారి సాహచర్యంలో, సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు నూరేళ్ళు ఆనందంగా జీవించాలని దళమంతా మనసారా కోరుకుంటోంది. కుటుంబ సభ్యులకు మాత్రం, ఆవిడ వల్ల ఇంటికి ప్రాణాలతో తిరిగొచ్చిన ఎనిమిది మంది తరఫున ఒక్క విన్నపం. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే వేళ, తలుపు మెల్లగా వేయండి.