అత్తగారికి నచ్చని ట్రంపెట్

(వాద్యాలు అమ్మే దుకాణంలో పైగది. అత్తగారు, కోడలు, దుకాణం ఆయన.)

“బరువు తక్కువదే ఎందుకూ అంటున్నాను. దానికి సమాధానం చెప్పవేం?”

“చెప్పానుగా అత్తయ్యా. చేతికి తేలిగ్గా ఉంటుందని.”

“ఆరేళ్ళుగా ఆ పాతదాన్నే వాయిస్తున్నావు. మొన్న నిండు గ్యాస్ బండని ఒంటిచేత్తో జరిపావు. ఇవాళ చెయ్యి నొప్పొచ్చిందా?”

“ముందు కూర్చోండి. ఈయన మూడు తీసి పెట్టారు. మూడింటి మీదా ఒకే ముక్క వాయిస్తాను. ఏది ఎలా ఉందో చెప్పండి.”

“ఇది ప్లాస్టిక్‌దమ్మా, అన్నింటికన్నా తేలిక. పక్కది ఇత్తడిదే, కాకపోతే రేకు పల్చన, ఊదీ ఊదగానే పలుకుతుంది. ఆ ఎర్రదాంట్లో రాగి ఎక్కువ కలిపారు. గొంతు కాస్త బొంగురు.”

“ఇంత తేలికవి ఎవరు కొంటారు బాబూ? ఊళ్ళు పట్టుకుని తిరిగేవాళ్ళా?”

“వాళ్ళూ కొంటారమ్మా.”

“విన్నావా అమ్మాయ్. వాళ్ళూ కొంటారట.”

“నేనెక్కడికీ వెళ్ళట్లేదు అత్తయ్యా. ఆఫీసు, ఇల్లు, ఆదివారం బ్యాండు. అంతే.”

“మరి నిన్న మా అబ్బాయితో ‘అత్తయ్యకి అప్పుడే చెప్పకండి’ అన్నావే, అదేంటి?”

“మేం మాట్లాడుకునేవన్నీ మీకు వినిపిస్తాయా?”

“నేనేం పనిగట్టుకుని వినలేదు. మీ గది తలుపు సరిగా పడదు.”

“సరే, ఇది వినండి. ప్లాస్టిక్‌ది... ఎలా ఉంది?”

“జలుబు చేసినవాడు ఫోన్లో మాట్లాడినట్టుంది.”

“ఇప్పుడు పల్చటి ఇత్తడిది... ఇది?”

“మరీ పదును. పక్కవాళ్ళు పోట్లాటకొస్తారు. వద్దు.”

“ఈ ఎర్రది?”

“మొదట్లో బాగానే ఉంది. గట్టిగా ఊదేసరికి చెదిరిపోతోంది. మన పాతది చెదరదు.”

“మన పాతదా?”

“నీదే. ఇంట్లో ఉన్నదాన్ని మనదనకూడదా?”

“ఆ పాతది కూడా తెచ్చారు కదమ్మా. మార్పిడి కింద తీసుకుంటాం. పెట్టె ఇలా ఇవ్వండి.”

“అమ్మాయ్, పోల్చి చూడ్డానికని కదా తెచ్చావు?”

“మూడో మీట ఇరుక్కుంటోంది అత్తయ్యా. ఇచ్చేస్తే పోతుంది.”

“ఏం ఇరుక్కోదు. తీసి తుడిచి, రెండు చుక్కల నూనె వేస్తే జారుతుంది.”

“మీకెవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా? కుట్టుమిషనుకైనా అంతేగా.”

“మొన్న కింది వాటా ఆవిడ నన్ను తెగ మెచ్చుకుంది. మధ్యాహ్నం మూడింటికి కూడా సాధన మానట్లేదే అని. మూడింటికి నేను ఆఫీసులో ఉంటాను కదా.”

“రేడియో అయ్యుంటుంది.”

“ఒకే ముక్కని పదకొండుసార్లు, పదకొండుసార్లూ అదే చోట తప్పు వాయించే రేడియోనా?”

“ఏమో. ఈమధ్య రేడియోల్లో ఎవరు పడితే వాళ్ళు వాయిస్తున్నారు.”

“అంతేలెండి. ఏమండీ, ఈ పాతది తీసుకెళ్ళండి.”

“ఆగవయ్యా. ముందు పెట్టె మీంచి చెయ్యి తియ్యి.”

“ఏం అత్తయ్యా?”

“అది పోతే... మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు.”

“మీరుంటారుగా.”

“అదే చెబుతున్నాను.”

“ఎవరు నేర్పారు మీకు?”

“నువ్వే. తలుపు సరిగా పడదన్నానుగా. కూరలు తరుగుతూ విన్నాను. నువ్వటు వెళ్ళాక, చూద్దాంలే అని ఓ రోజు ఊదాను. మొదటి నెలంతా ఉత్త గాలే. ఇప్పుడు పాటలో సగం దాకా వస్తోంది. భుజం పట్టేస్తుంది, అయినా వస్తోంది. నీకు కొత్తది కావాలంటే కొనుక్కో. ఊళ్ళే తిరుగు, నేను అడ్డు చెప్పను. దీన్ని మాత్రం ఇంట్లో ఉండనీ.”

“మౌత్‌పీస్ కడిగి పెడుతున్నారా?”

“వేడినీళ్ళతో. నన్నేమనుకున్నావు?”

“ఇంతకీ పాతది తీసుకోమంటారా, వద్దంటారా అమ్మా?”

“వద్దండీ. అది నాది, నాకదే కావాలి. ఆ పల్చటి ఇత్తడిది మా అత్తయ్యకి కట్టివ్వండి.”

“నాకా? అదా? అది వద్దన్నానుగా.”

“నోటితో అన్నారు. నేను దాన్ని వాయిస్తున్నంతసేపూ ఒళ్ళో సంచి మీద మీ మూడు వేళ్ళూ నాతోపాటు మీటలు నొక్కుతూనే ఉన్నాయి.”