పెద్దరోడ్డు కింద ముగ్గురాడోళ్లు

1990 ఆగస్టు. ఇరాక్ సైన్యం కువైట్‌ను పట్టుకున్న రోజులు. సబా అల్ సలేం పేట పక్కన, పెద్దరోడ్డు కింద నడిచి దాటే పాత సొరంగం. చిన్నక్క, ఆమె కూతురు వెంకటేశ్వరి. వాళ్ల ముందర ఇండియా మనిషిలా చీర కట్టుకుని, వెంకటేశ్వరి మామా అని పిలిచే కువైటీ యజమానురాలు.

“ఆ సంచి ఆమెకియ్యి అంటాండా.”

“నేను మోస్తాలేమ్మా.”

“మోస్తావు. ఇన్నేండ్లూ మోసినావు గదా. ముందర ఆమె చేతులూపుకుంటా, వెనక నువ్వు మూటతో పోతాంటే, ఎవురు మామానో, ఎవురు పనిమనిషో చూసేవానికి తెలీదా? చీర కట్టి బొట్టు పెడితే అయిపాయనా?”

“మెల్లగా. మాటలు గోడలకు తగిలి తిరిగొస్తాండాయి.”

“రానీ. పైన ట్యాంకుల మోతలో ఎవురికి ఇనపడతాది? ఇండియావోళ్లను ఏమీ అనడంల్యా, కువైటీలనే పట్టుకుంటాండారని అర్దియాలో ఉండే మనూరి రామాంజులు చెప్పినాడు. నిమ్మళంగా పొయ్యేదానికి, ఈ మనిషిని ఎంటేసుకోని మనమే సావుకు ఎదురు పోతాండాం.”

“నా పాస్‌పోర్టు ఆమె దగ్గరుంటే ఏం చేసేది? సాల్మియాలో తన చెల్లెలింటికి చేర్చండి, అప్పుడిస్తానంటాంది. అది లేకుంటే దేశం దాటించే బస్సెక్కనియ్యరు.”

“బేరం. ఊరు కాలిపోతాంటే బేరం. శుక్రవారం సెలవునాడు ఒక్కపూట నిన్ను నా దగ్గరికి పంపమంటే పంపిందా? జ్వరమొచ్చినా పండుకోనిచ్చిందా?”

“ఆ మాటలు ఇప్పుడెందుకు?”

“ఇప్పుడే. ఆగమను. పాస్‌పోర్టు ఈడ్నే ఇయ్యమను. ల్యాకుంటే నేను వెనక్కి తిరుగుతా.”

“సొరంగం మధ్యలోనా...”

“నువ్వడుగుతావా, నేనే ఆ రవికెలో చెయ్యి పెట్టి తీస్కుందునా?”

“మామా, మా అమ్మ ఇనేట్టు ల్యా. ఇచ్చెయ్యి. ...ఇదోమ్మా. రవికెలోంచి తీసి ఇచ్చింది.”

“పటం నీదేనా చూడు. నాకు చదువు రాదని ఇంకొకరిది అంటగట్టినా అంటగడతాది.”

“నాదే. ఇంగ ఏమంటావు? చీకట్లో వదిలేసి పోదామా?”

“పోదాం. ఆ పక్క నీళ్లు నిలిచినాయి, గోడ పట్టుకోని నడువు. ఆమె దావ ఆమెది.”

“ఆమెకు దావే తెలీదు. కారు దిగి ఒక రోడ్డు దాటిన మనిషి కాదు. చూడు, నా చెయ్యి పట్టుకోని వదలడంల్యా.”

“నాకు మాత్రం భయం ల్యాదా? నిన్ను ఈడికి రప్పిచ్చింది నేనే గదమ్మే. నువ్వు బతికి బస్సెక్కితే సాలు, ఎవురేమైపోయినా సరే. ...ఉండు. ఆ చివర ఎవురో నిలబడినారు.”

“సైనికుడు. తుపాకి ఉండాది. ముగ్గుర్నీ రమ్మని చెయ్యి ఊపుతాండాడు.”

“పద. నువ్వు నోరు తెరవాకు. నేను మాట్లాడతా.”

“ఏం చెప్పబోతాండావు? అమ్మా, చెప్పెయ్యాకు. నీ కాళ్లు పట్టుకుంటా.”

“సలాం, సార్. మేము ఇండియావోళ్లం. ఇది నా చిన్నకూతురు. ఆమెనేం అడగాకు సార్, జవాబు రాదు. నా పెద్దకూతురు, పుట్టు మూగది.”