సీరియస్ అన్న మాట

జగదల్‌పూర్‌లో ఆసుపత్రి గేటు ముందు, సాయంత్రం ఐదున్నరకి, కిరండూల్ నుంచి వచ్చిన జీపులోంచి నూకాలమ్మ దిగింది. ఎదురొచ్చినవాడు శ్యామ్‌ప్రసాద్. ఆమె కొడుకు చినబాబుతో కలిసి రైల్వే లైను మీద పనిచేస్తాడు.

“ఇంతసేపేటి పిన్నీ? పొద్దున్న తొమ్మిదింటికి కదా ఫోన్ చేసినాను!”

“మా తమ్ముడు బచేలీలో డ్యూటీ దిగి రావాల కదరా. కొత్తబట్ట కొనాల, పసుపు కొనాల. సంచి పట్టుకో.”

“కొత్తబట్టా? మళ్ళీ పదిసార్లు చేసినాను, ఎత్తలేదేటి?”

“ఎత్తితే ఆ మాట నోటితో చెప్పేస్తావని. సీరియస్ అన్నావు, చాలు. ఆ మాటకి అర్థం నాకు తెలీదేటి?”

“పిన్నీ, ముందిలా కూకో. నీళ్ళు తాగు.”

“మీ బాబాయి సొరంగం కాడ పోయినప్పుడూ ఇదే మాట. సీరియస్, బేగి రండన్నారు. చెప్పుల్లేకుండా పరిగెట్టినాను, కేరేజీలో జావ కూడా పట్టుకెళ్ళినాను. ఎల్లేసరికి ముఖం మీద దుప్పటి. మా మరిదికీ అంతే, మా అప్పకీ అంతే. మనోళ్ళు ఫోన్లో పోయాడని ఎప్పుడన్నార్రా?”

“అది కాదు పిన్నీ…”

“అందుకే ఈసారి పరిగెట్టలేదు. ఏడుపంతా ఇంటికాడే ఏడిసేసినాను. చెప్పు, కొండరాయి మీద పడిందన్నావు కదా, అప్పుడే పోనాడా?”

“లేదు.”

“దారిలోనా?”

“లేదు పిన్నీ.”

“మరెప్పుడు?”

“నాలుగున్నరకి.”

“తెల్లారగట్లా?”

“ఇందాక. గంటయ్యింది.”

“గంటేటి? నువ్వు పొద్దున్న ఫోన్ చేసినప్పుడు…”

“బతికే ఉన్నాడు. మాటాడుతున్నాడు. ఎవరి అడుగు వినబడినా తలుపుకేసే చూసినాడు. అమ్మొచ్చిందా, అమ్మొచ్చిందా అని…”

“ఒరే, బతికున్నోడిని సీరియస్ అంటార్రా ఎవులైనా? బాగానే ఉన్నాడు, కంగారు పడకు అంటారు గానీ! ఆ ముక్కంటే అప్పుడే బస్సెక్కీదాన్ని కదరా!”

“అదే అందామనుకున్నాను పిన్నీ. వాడే వద్దన్నాడు. ‘సీరియస్ అని చెప్పరా. మా నాన్నప్పుడు ఆ మాటకే మాయమ్మ చెప్పుల్లేకుండా పరిగెట్టింది’ అన్నాడు.”